దుమ్ముగాలి కోసం ఎదురుచూసిన కెప్టెన్

మా కెప్టెన్ పోయాడు. సౌదీలో తబూక్ దగ్గర ఒక తోటలో, ప్లాస్టిక్ పందిరి కింద దోసపాదులకు నీళ్లు పెట్టే మోటారు పక్కన కూలబడి మళ్లీ లేవలేదట. ఒకప్పుడు రియాద్‌లో మాతోపాటు పనిచేసిన టైల్స్ మేస్త్రీ లచ్చన్న పంపిన వాయిస్ మెసేజ్‌తో నాకు తెలిసింది. "అన్నా, మన కెప్టెన్ పోయిండే. నిన్న పగటీలి. గుండె ఆగిందంటున్నరు. బాడీ ఎప్పుడొస్తదో తెల్వది. కఫీల్ ఊర్ల లేడట." వెనకాల ఏదో మిక్సర్ తిరుగుతున్న చప్పుడు. లచ్చన్న ఇప్పుడు కరీంనగర్‌లో పని చేస్తున్నాడు. పనిలోంచే చెప్పాడు.

గుండె ఆగిందట. గల్ఫ్‌లో చచ్చిపోయిన మనవాళ్ల కాయితాలు నేను చాలా చూశాను, ఆఫీసులో నా ఉద్యోగమే అది. ఎండకు పడిపోయినవాడికీ, నిద్రలేక పడిపోయినవాడికీ, దిగులుతో పడిపోయినవాడికీ ఒకటే కారణం. గుండె ఆగకుండా ఎవరైనా పోతారా? ఎందుకు ఆగిందో రాయమనండి, కలం కదలదు. కఫీల్, అంటే ఆయన వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ యజమాని, ఊరి నుంచి తిరిగొచ్చి సంతకం పెట్టేదాకా మా కెప్టెన్ ఆస్పత్రి శవాల గదిలో చల్లపెట్టెలోనే ఉండాలి. బతికున్నప్పుడు సంతకం లేనిదే ఊరు దాటనివ్వలేదు, పోయాకా అంతే.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. తెలియడానికి ఆయనేమీ గెలవలేదు. ఒక్క సీజన్ మొత్తం ఓడిపోయిన జట్టుకు కెప్టెన్ ఆయన. ఆ సీజన్ గురించే రాస్తున్నాను.

రియాద్‌లో మాది ఒక మెయింటెనెన్స్ కంపెనీ. ఏసీలు, పైపులు, లిఫ్టులు. ఆయన ఏసీ సెక్షన్ ఫోర్‌మన్, జగిత్యాల వైపు మనిషి. నేను హాజరు పట్టీలు, అఖామా అనే నివాస పర్మిట్ల కాయితాలు చూసే గుమస్తాను, గుంటూరు వాణ్ణి. మా కంపెనీకి ఒక క్రికెట్ జట్టు ఉండేది. సరదాకి కాదు. శుక్రవారం లీగ్‌లో పేరున్న జట్టు అది. దాన్ని పెట్టింది మా మేనేజర్, హైదరాబాదు పాతబస్తీ మనిషి, క్రికెట్టంటే ప్రాణం. అఖామాలో 'ప్లంబర్' అని ఉన్న ఇద్దరు ఫాస్ట్ బౌలర్లు ఏనాడూ పైపు ముట్టుకోలేదు. వాళ్లను ఆడటానికే తెచ్చారు, ఆడినందుకే జీతమిచ్చారు. మా కప్పులు ఆఫీసు రిసెప్షన్‌లో అద్దాల బీరువాలో మెరిసేవి.

ఆ తర్వాత లెవీలు వచ్చాయి. నితాఖాత్ అంతకు ముందే ఉంది. కంపెనీలో సౌదీలు ఇంతమంది ఉంటే ఆకుపచ్చ, తక్కువైతే పసుపు, ఇంకా తగ్గితే ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీకి మన అఖామాలు రెన్యువల్ కావు. దానిమీద ప్రతి విదేశీ మనిషికీ తలపన్ను, వాడి పెళ్లాం పిల్లలకు వేరే పన్ను. ఇక్కడొక మాట సూటిగా చెప్పాలి. సౌదీ కుర్రాడికి అతని దేశంలో ఉద్యోగం దొరకడం తప్పని నేనెప్పుడూ అనలేదు, అనను. నా తగువు అతనితో కాదు. ఆ కుర్రాడి పేరు కాయితం మీద ఎక్కించుకుని, ఇంట్లో కూర్చోమని చెప్పి, ఆకుపచ్చ రంగు కొనుక్కున్న యజమానులతో. ఇన్నేళ్లు మన చెమట మీద మేడలు కట్టి, పన్ను పడగానే మనల్ని కుర్చీలు తీసేసినట్టు తీసేసినవాళ్లతో. వాళ్లకంటే ముందు, మన మనుషుల్ని ఎగుమతి చేసి, వచ్చిన డబ్బును లెక్కేసుకుని, వాళ్లు తిరిగొచ్చినప్పుడు మొహం తిప్పేసుకున్న మన ప్రభుత్వాలతో. ఈ మాట రాసినందుకు ఎవరైనా ఉత్తరం రాస్తే రాయనివ్వండి.

మా కంపెనీ పసుపు నుంచి ఎరుపులోకి జారింది. ప్రతి నెలా ఒక జాబితా బోర్డు మీద పడేది. అందులో పేరున్నవాడికి ఎగ్జిట్ కొడతారు, ఇక తిరిగి రావడం లేదు. బోర్డు ముందు జనం మసీదు ముందు చెప్పుల్లా మూగేవారు.

మా మేనేజర్ అప్పటికింకా ఉన్నాడు. తన చేతిలో ఉన్నదేమీ లేదని ఆయనకూ తెలుసు. పైవాళ్లు నెలకు ఎంతమందో చెబుతారు, ఎవరన్నది మాత్రం ఆయన రాయాలి. ఒక శుక్రవారం నెట్స్ దగ్గర నిలబడి మా కెప్టెన్‌తో అన్నాడు: "జబ్ తక్ టీం ఖేల్‌రీ, టీం వాలోం కే నామ్ నై డాల్తూ మియాఁ. లీగ్ ఖతం, ఫిర్ మేరే హాత్ మే కుచ్ నై." జట్టు లీగ్‌లో ఆడుతున్నంత కాలం జట్టువాళ్ల పేర్లు జాబితాలో ఎక్కించను, లీగ్ అయిపోయాక నా చేతిలో ఏమీ లేదు అని. ఆయన ఉద్దేశం తన ఫాస్ట్ బౌలర్లను కాపాడుకోవడం. సీజన్ గెలవాలి, ఇంకో కప్పు బీరువాలో పెట్టాలి.

మా కెప్టెన్ ఆ మాటను ఇంకోలా విన్నాడు.

మర్నాడే ఫాస్ట్ బౌలర్లిద్దరినీ పిలిచి, "మీకు ఏ కంపెనీల అడిగినా జాగ దొరుకుతది. పోండ్రి భై" అన్నాడు. ఉర్దూలో చెప్పాడు, సారాంశం అదే. వాళ్లు వారంలో వేరే జట్టుకు మారిపోయారు. ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌ని నేను. నన్నూ పిలిచాడు.

"ఏం లీడరూ, నువ్వు ఊరికి పోతే సస్తవా?"

"చావనన్నా. ఎందుకు?"

"ఏదో పేపర్ల రాస్కుంట బతుకుతవ్. నీ జాగ ఇంకొకనికి కావాలె. నువ్వు గీతలు గీస్కుంట స్కోర్ రాయి."

అలా నేను జట్టులోంచి పోయి స్కోరర్నయ్యాను. నన్ను 'లీడరూ' అని పిలవడం ఆయనకు వేళాకోళం. నేను క్యాంపులో ప్రతిదానికీ అర్జీ రాద్దామనేవాణ్ణి.

నా స్థానంలో వచ్చినవాడు మెస్ చాచా. కడప మనిషి, మా క్యాంపు వంటమనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. బ్యాటు పట్టుకోవడం తెలియదు. ఆయన తమ్ముడు వేరే కంపెనీలో పనిచేస్తూ పరంజా మీంచి పడి, స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్నాడు. కళ్లు తెరుస్తాడు, ఎవర్నీ చూడడు. విమానంలో తీసుకెళ్లే స్థితి కాదన్నారు డాక్టర్లు. ఆ ఊళ్లో ఆ మనిషికి చాచా తప్ప ఎవరూ లేరు. చాచాకి ఎగ్జిట్ పడితే తమ్ముడు ఆ మంచం మీద ఒంటరిగా మిగిలిపోతాడు. అందుకని చాచా మా ఓపెనర్.

మిగతావాళ్లూ అంతే. ఎవరికి ఇప్పుడు వెళ్లిపోతే కొంప మునుగుతుందో వాళ్లే జట్టు. క్యాంపులో అందరికీ ఈ సంగతి తెలుసు. లచ్చన్న వికెట్ కీపర్. బంతి వస్తే కళ్లు మూసుకునేవాడు.

మొదటి మ్యాచ్‌లో మేము ఎంత ఘోరంగా ఓడామంటే, అవతలి జట్టువాళ్లు ముందు మేం ఎగతాళి చేస్తున్నామనుకున్నారు. చాచా కవర్స్‌లో నిలబడి ఒక క్యాచ్ నిజంగానే పట్టాడు. పట్టి, బంతిని చొక్కాకు తుడిచి, మర్యాదగా రెండు చేతులతో తీసుకెళ్లి ఆ అవుటైన బ్యాట్స్‌మన్‌కే ఇచ్చాడు. "తీసుకో నాయనా, నీదే కదా" అని. చాచా లెక్కలో కొట్టినవాడిదే బంతి. మెస్‌లో కంచం ఎవరిదైతే వాళ్లకే ఇచ్చినట్టు.

ఆ లీగ్‌లో ఒక ఆచారం ఉండేది. ఇసక మైదానంలో సిమెంటు పిచ్ మీద కొబ్బరి పీచు మ్యాట్ పరిచి, మేకులు కొట్టి ఆడతారు. ఆట అయ్యాక ఓడిన జట్టు మేకులు పీకి, మ్యాట్ చుట్టి, భుజాల మీద మోసుకెళ్లి షెడ్డులో పెట్టాలి. సీజన్ మొత్తం అది మా పనే అయింది. మా మేస్త్రీలకు అదొక పనిగా తోచలేదు. సైట్ మీద చేసే దాంట్లో ఇదెంత అన్నట్టు మేకులు పీకేవారు. మ్యాట్ అంత బిగువుగా చుట్టిన జట్టు లీగ్‌లో ఇంకోటి లేదు. ఒక పాకిస్తానీ కెప్టెన్ నవ్వుతూ అన్నాడు: "ఉస్తాద్, మ్యాట్ లపేట్‌నే మే తో ఆప్ లోగ్ చాంపియన్ హై." మ్యాట్ చుట్టడంలో మాత్రం మీరే చాంపియన్లు అని. మా కెప్టెన్ కూడా నవ్వి, "గదొక్కటన్న ఒప్పుకున్నడు" అన్నాడు మాతో.

మరి నేనేం చేస్తున్నాను? వాదిస్తున్నాను. షెడ్డు నీడలో కూర్చుని ఆయనతో ఎన్ని శుక్రవారాలు వాదించానో.

"అన్నా, ఇది దయ. మేనేజరు ఇష్టం మీద బతకడం. మనం అందరం కలిసి లేబర్ ఆఫీసుకు పోవాలి. బకాయిలు, టికెట్లు, సర్వీసు డబ్బులు, అన్నీ అడగాలి. పదకొండు మందిని దాచిపెడితే మిగతావాళ్ల సంగతేంటి?"

"మిగతోళ్లకు నువ్వు రాయి అర్జీ. నేనొద్దన్ననా?"

"నువ్వూ సంతకం పెట్టాలి."

"పెడ్త. ఏడ పెట్టాల్నో సూపెట్టు." నిజంగానే పెట్టాడు, ప్రతిదాని మీదా. పెట్టి, "జవాబు ఎప్పుడొస్తదంటవ్?" అనేవాడు.

"టైం పడుతుంది."

"గంతవరకు ఆడ్తం తియ్."

అర్జీలకు జవాబులు రాలేదు. కొన్నింటిని ఇంకో ఆఫీసుకు పంపామన్నారు. ఇంకో ఆఫీసువాళ్లు అక్కడికే వెళ్లమన్నారు. ఇప్పటికీ నా వాదన తప్పని నేననుకోవడం లేదు. దయ మీద ఎవరూ బతకకూడదు, అడిగి తీసుకోవాలి. ఆ మాట మీదే ఉన్నాను. కానీ నా సరైన వాదన చాచాను ఒక్క శుక్రవారం కూడా ఆ ఆస్పత్రికి పంపలేకపోయింది. మా కెప్టెన్ కూర్చిన చేతకాని జట్టు ఒక చలికాలమంతా పంపింది. ఈ రెండింటినీ నేను ఎక్కడ పెట్టుకోవాలో ఇన్నేళ్లయినా తేల్చుకోలేదు.

మా కెప్టెన్‌కు భయం ఉండేది ఓటమంటే కాదు, వాకోవరంటే. రెండు మ్యాచ్‌లకు జట్టు రాకపోతే లీగ్‌లోంచి తీసేస్తారని నిబంధన. తీసేస్తే మేనేజరు మాట చెల్లదు. అందుకని శుక్రవారం తెల్లవారేసరికి క్యాంపు బస్సు దగ్గర ఉండేవాడు, ఒక్కొక్కరినీ మంచం మీంచి లేపుకొచ్చేవాడు. జ్వరమని పడుకున్న లచ్చన్నకు దుప్పటి కప్పి అలాగే బస్సెక్కించాడొకసారి. "ఓడిపోతె పోనియ్. రాకపోతె మాత్రం ఊకోను" అనేవాడు. మేం మైదానంలో ఉంటే చాలు, ఎన్ని పరుగులు చేశామన్నది ఆయనకు పట్టదు. టాస్ గెలిస్తే మాత్రం చిన్నపిల్లాడిలా మురిసిపోయేవాడు. "ఇయ్యాల్టికి గెలుసుడు అయిపాయె" అని.

ఇంకో సంగతి. ఆ లీగ్‌లో దుమ్ముగాలి కోసం ఎదురుచూసిన కెప్టెన్ బహుశా ఆయనొక్కడే. దుమ్ము లేచి ఆట ఆగిపోతే ఆ మ్యాచ్ మళ్లీ ఆడాలి, అంటే సీజన్ ఇంకో వారం సాగుతుంది. చలి తగ్గి గాలులు మొదలయ్యే రోజుల్లో గురువారం సాయంత్రం క్యాంపు మేడ మీదకెక్కి ఆకాశం చూసేవాడు. ఊరంతా కిటికీలు మూసుకుంటుంటే ఈయన, "ఎర్రగ కొడ్తున్నది సూడు లీడరూ, రేపు ఆట లేనట్టే" అని సంబరపడేవాడు. ఒకసారి సగం ఆటలో దుమ్ము కమ్మేసింది. మేం ఎలాగూ ఓడిపోతున్న మ్యాచే. అంపైర్లు ఆట రద్దు చేయగానే మావాళ్లు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకుని ఒకరినొకరు కావలించుకున్నారు. అవతలివాళ్లు బిత్తరపోయారు. ఆ రోజు మ్యాట్ చుట్టాల్సిన పని కూడా లేకపోయింది. అయినా అలవాటుగా చుట్టేశారు.

ఆట అయ్యాక చాచా బస్సులోనే స్నానం చేసినంతగా తుడుచుకుని, జుమ్మా నమాజుకు పోయి, అటునుంచి ఆస్పత్రికి వెళ్లేవాడు. తమ్ముడి పాదాలకు కొబ్బరినూనె రాసి, ఆ రోజు ఆట చెప్పేవాడు. ఆట అంటే జరిగింది కాదు.

"ఎంత కొట్టినవ్ చాచా ఇయ్యాల?" అని సాయంత్రం మెస్‌లో మా కెప్టెన్ అడిగేవాడు.

"ముప్పై కొట్టినానని చెప్పినా సామీ."

"పోయిన వారం యాభై జెప్పినవ్ గదా, తగ్గినవేంది?"

"ప్రతిసారీ యాభై అంటే వాడు నమ్మొద్దా?"

"గెలిచినమని చెప్పినవా లేదా?"

"గెలవకుండా యాడికి పోతాం సామీ. మూడు వికెట్లు ఉండంగానే గెలిచినాం. వాడు నవ్వినట్టే అనిపిచ్చె నాకు."

మెస్‌లో అందరూ నవ్వేవాళ్లు. చాచా కూడా నవ్వి పప్పు వడ్డించేవాడు.

మీరు అడగొచ్చు, చివరికి ఏం సాధించాడని. నిజం చెబుతాను. ఏమీ సాధించలేదు. లీగ్ అయిపోయింది. మేం అట్టడుగున ఉన్నాం. ఆ నెల జాబితాలో మా జట్టు మొత్తం పేర్లు ఒకదాని కింద ఒకటి పడ్డాయి, బ్యాటింగ్ ఆర్డర్ రాసినట్టు. కొద్ది నెలలకు మేనేజరూ వెళ్లిపోయాడు. భార్యాపిల్లల మీద పన్ను కట్టలేక ముందు వాళ్లను పంపాడు, తర్వాత తను. ఆ అద్దాల బీరువా ఎవరు తీసుకెళ్లారో తెలియదు.

చాచా ఎగ్జిట్ రోజున విమానాశ్రయానికి వెళ్లే ముందు ఆస్పత్రికి తీసుకెళ్లమని కంపెనీ డ్రైవర్‌ను బతిమాలాడు. దారి కాదన్నాడు డ్రైవర్. దారి కాదట.

మా కెప్టెన్‌కు రియాద్‌కు దూరంగా ఖతీఫ్‌లో మంచి ఉద్యోగం దొరికింది, ఫోర్‌మన్‌గానే. ఎరుపు కంపెనీలోంచి మారడానికి అప్పట్లో యజమాని ఒప్పుకోలు అక్కర్లేదు, తీసుకునే కంపెనీ ఉంటే చాలు; అరవైకి దగ్గర పడ్డ చాచాను తీసుకునేవాళ్లు దొరకలేదు. నేనే కాయితాలు తయారు చేశాను. ఆయన వెళ్లలేదు. రియాద్‌లోనే, బతా బజారులో ఒక దుకాణంలో మూటలు దించే పనికి చేరాడు. ఏసీ ఫోర్‌మన్, మూటలు. నేను ఊరికి బయల్దేరే ముందు ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. శుక్రవారం, బతా సందులు కాలు పెట్టే చోటు లేకుండా కిక్కిరిసి ఉన్నాయి. ఒక మెస్ ముందు నిలబడి చాయ్ తాగుతున్నాం.

"ఖతీఫ్ ఎందుకు పోలేదన్నా? పిచ్చా నీకు?"

"గక్కడి నుంచి ప్రతి శుక్రారం ఎట్లొస్తనే?"

"ఇక్కడేముంది ప్రతి శుక్రవారం?"

నాకేసి చూశాడు, ఇంత చదువుకున్నోడివి ఇది తెలియదా అన్నట్టు కాదు, నాకు చెప్పాలా వద్దా అన్నట్టు. "చాచా తమ్మునికాడికి పోతున్న. నూనె రాస్తున్న కాళ్లకు. గాయన ఫోన్ జేసి అడుగుతడు గదా."

"అతనితో ఏం మాట్లాడతావు?"

"ఏం మాట్లాడ్త. గెలుస్తున్నమని చెప్తున్న. సీజన్ ఇంకా అయిపోలేదు, మీ అన్న ఆటలున్నడు, అందుకే రాలేదని చెప్పిన."

ఆ తమ్ముడు మరుసటి ఏడాది పోయాడు. ఆ తర్వాతే మా కెప్టెన్ రియాద్ వదిలాడు. అప్పటికి మంచి ఉద్యోగాలు లేవు. తబూక్ తోటలో నీళ్లు పెట్టే పని ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. "ఇక్కడ చలి బాగనే ఉంటది లీడరూ, ఆడటానికి మనుషులే లేరు" అన్నాడొకసారి. ఊరికి రాకూడదా అంటే, వచ్చి ఏం చేయాలి అనేవాడు. దానికి నా దగ్గర వ్యాసాలే ఉన్నాయి.

ఇప్పుడు ఆయన గురించి నలుగురూ మంచి మాటలంటారు. లచ్చన్న మళ్లీ మెసేజ్ పెట్టాడు, జట్టువాళ్లమంతా కలిసి ఎక్కడైనా సంతాపసభ పెడదామని. పెడదాం. కానీ త్యాగమూర్తి, మహనీయుడు లాంటి మాటలు ఎవరూ అనవద్దని ముందే చెబుతున్నాను. ఆ మాటలనేస్తే అందరి బాధ్యతా తీరిపోతుంది. ఒక మనిషి తన ఉద్యోగాన్నీ, ఆటనీ అడ్డం పెట్టి ఒక ముసలివాణ్ణి ఒక్క చలికాలం తమ్ముడి పక్కన కూర్చోబెట్టాల్సి వచ్చిందంటే, అది ఆయన గొప్పతనం కంటే ముందు మన అందరి దివాలా. ఆయన మంచితనానికి నేను కృతజ్ఞుణ్ణి, జీవితాంతం. ఆ మంచితనం అవసరమైన పరిస్థితికి మాత్రం కాదు.

ఆ చివరి శుక్రవారం సంగతి ఇంకా చెప్పలేదు.

లీగ్‌లో మా ఆఖరి మ్యాచ్. ఇక వాయిదా పడ్డవేవీ మిగల్లేదు. మేం గెలవడానికి కావలసిన పరుగులు ఏ జట్టూ చేయలేనన్ని ఉన్నాయి. తొమ్మిది వికెట్లు పోయాయి. ఎప్పుడూ ముందు వెళ్లే చాచాను ఆ రోజు కెప్టెన్ చివర్న పంపాడు, తనతో పాటు ఉండమని. ఇద్దరే మిగిలారు. కెప్టెన్ కొట్టడం లేదు. ప్రతి బంతినీ కాళ్ల దగ్గర ఆపుతున్నాడు. ఓవర్ చివరి బంతికి సింగిల్ తీసి తనే బ్యాటింగ్ ఉంచుకుంటున్నాడు. అవతలివాళ్లకు విసుగొచ్చింది. "ఉస్తాద్, కొట్టు, లేకపోతే అవుటవు, ఇంటికి పోదాం" అని హిందీలో అరిచారు. ఆయన వినలేదు. ఎప్పుడూ పరుగుల గురించి నోరెత్తని మావాళ్లు బౌండరీ దగ్గర ఇసకలో కూర్చుని ఒక్కో బంతినీ చూస్తున్నారు. చూస్తే మ్యాచ్ గెలవబోతున్నారని అనుకుంటారు ఎవరైనా.

ఆఖరి ఓవర్లో ఆఖరి బంతి. ఆ బంతి పడితే సీజన్ అయిపోతుంది.

బౌలర్ రనప్ మొదలుపెట్టాడు. మా కెప్టెన్ చెయ్యెత్తి ఆపాడు. స్టంపుల ముందు కొత్తగా వచ్చినవాడిలా నిలబడి, బ్యాటు నిలువుగా పట్టి, అది స్టంపుకు సూటిగా ఉందా అని అంపైర్‌ను గార్డ్ అడిగాడు. మిడిల్ స్టంప్. అంపైర్ వేలెత్తి, కొంచెం ఎడమకు, ఇంకొంచెం, అని చూపించాడు. మ్యాట్ మీద గీత పడదు కదా. మా కెప్టెన్ జేబులోంచి సుద్దముక్క తీసి, వంగి, మెల్లగా గీత గీశాడు. గీసిన గీతను చూసి, అది సరిగ్గా లేదన్నట్టు అరచేత్తో తుడిచాడు. మళ్లీ గార్డ్ అడిగాడు. అవతలి చివర చాచా బ్యాటును గరిటెలా పట్టుకుని నిలబడి ఆయన్నే చూస్తున్నాడు. బౌలర్ తన గుర్తు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని ఆగిపోయాడు. మా కెప్టెన్ వంగి, రెండో గీత గీస్తున్నాడు.